నలభై ఏడో మెట్టు మీద కుర్చీ

ఆగస్టు 4

సరిహద్దు బురుజు కాపలాదారు బాబుగారికి ముఖపరిచయం లేని ఒక ముసలిదాని నమస్కారాలు.

మీరు క్షేమమా? మీ ఇంటావిడ క్షేమమా? పిల్లలుంటే వాళ్ళ దగ్గులూ జలుబులూ తగ్గాయా? మీ అమ్మగారు ఉన్నారా, ఉంటే ఆవిడ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బురుజు క్షేమమా? దాన్ని ఆఖర్న అడిగానని ఏమీ అనుకోకండి, నా దిగులంతా దాని గురించే.

ఇక్కడ మా అమ్మాయి బాగానే ఉంది. మనవరాలికి పై పన్ను ఊగుతోంది. మనవడు మరీ బాగున్నాడు, అదే నా భయం, మెట్లు కనిపిస్తే రెండేసి చొప్పున ఎక్కుతాడు. మా అల్లుడు బళ్ళో చరిత్ర చెబుతాడు. ఆయన ఈ సెలవుల్లో అందరినీ మీ బురుజుకి తీసుకెళ్తానని మొన్న భోజనాల దగ్గర ప్రకటించాడు. అక్కడే పాత సుంకం గదీ, సగం వంతెనా, రెండు దేశాల సైనికులూ నీళ్ళు తోడుకున్న బావీ ఉన్నాయట. నేను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. కూలిన బురుజు, సగం వంతెన, నోరు తెరుచుకున్న బావి! చూడ్డానికి ఇవేనా దొరికాయి? సరిగ్గా నిలబడి ఉన్నవి లోకంలో ఏవీ లేవా?

నేను చదివింది మూడో తరగతి. రాయడం మటుకు వచ్చు. మావాళ్ళు ఎక్కడికైనా వెళ్తామంటే ముందు అక్కడివాళ్ళకి ఉత్తరం రాస్తాను. ఆనకట్టకి రాశాను, దీపస్తంభానికి రాశాను, జంతువుల తోటకి రెండుసార్లు రాశాను. ఒక్కరూ జవాబివ్వలేదు. జవాబివ్వని చోటికి పిల్లల్ని ఎలా పంపను? ఎక్కడికీ వెళ్ళలేదు. నేనైతే ఈ వీధి దాటి పంతొమ్మిదేళ్ళయింది.

కాబట్టి కాస్త ఓపిగ్గా చెప్పండి. మెట్లు ఎన్ని? వాటిలో ఏది కదులుతుంది? మధ్యలో కూర్చోవడానికి ఏమైనా ఉందా? పైన పిట్టగోడ ఎంత ఎత్తు, పదేళ్ళవాడు తొంగిచూస్తే ఎంతవరకు వంగగలడు? బావికి మూత ఉందా? లోపల బట్టలకి అంటుకునేవి ఏమైనా ఉన్నాయా, మనవరాలికి తెల్ల గౌను కుట్టించారు. ఇంకొక్కటి. అంత ఎత్తున కాపలా కాసిన ఆ సైనికులు ఎక్కడ వండుకునేవాళ్ళు? వాళ్ళు పోయి మూడొందల ఏళ్ళయినా, వేళకి తిన్నారో లేదో అని నిన్నటి నుంచి నాకు ఒకటే ఆలోచన.

ఇట్లు, మీ అందరి క్షేమం కోరే
జాగ్రత్తమ్మ

తా.క. మా వీధిలో అందరూ నన్ను ఇలాగే పిలుస్తారు. ఆ పేరు రాస్తే చాలు, పోస్టుమాన్ తెచ్చిస్తాడు. మా ఇంటి మెట్టు మీద సుద్దతో 'మెల్లగా' అని రాసి ఉంటుంది. ఆయన కోసమే రాశాను. అది చదువుతూనే ఒకసారి పడ్డాడు.

—

ఆగస్టు 10

గౌరవనీయులైన జాగ్రత్తమ్మగారి సముఖానికి, సరిహద్దు బురుజు కాపలాదారు వినయంగా రాసుకునేది.

తమరు అడిగిన వరసలోనే జవాబులు. నేను క్షేమం. నా భార్య క్షేమం. ఒక్కతే కూతురు, దగ్గు లేదు. మా అమ్మ మోకాళ్ళు ఎడమది బాగుంది, కుడిది వాన వచ్చే ముందు చెబుతుంది. బురుజు క్షేమం.

మెట్లు తొంభై నాలుగు. తమరి ఉత్తరం అందాక మూడుసార్లు ఎక్కి లెక్కపెట్టాను, రెండోసారి తొంభై మూడు వచ్చింది గనక మూడోసారి ఎక్కాల్సి వచ్చింది. అరవై రెండో మెట్టు కాలు పెడితే 'టక్' మంటుంది, కానీ కదలదు. కూర్చోవడానికి ఏమీ లేదు. ఇది నా లోపమే. పిట్టగోడ నా ఛాతీ దాకా ఉంది, పదేళ్ళవాడికి ముక్కు మాత్రమే పైకి వస్తుంది. బావికి ఇనుప ఊచల మూత ఉంది. బావి గట్టు మీద తాళ్ళు ఒరుసుకుని పడ్డ గాట్లు ఉన్నాయి, ఇటువైపు ఏడు, అటువైపు ఏడు, సరిగ్గా సరిహద్దు గీత మీద ఇంకొకటి. ఆ నడిమి గాటే అన్నిటికంటే లోతు. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

బట్టలకి అంటుకునేది ఒక్కటే. రెండో అంతస్తులో ఆయుధాల గూడు ఉంది, బోర్డు మీద అలాగే రాసి ఉంది. దాని పైకప్పు నల్లగా ఉంటుంది, తల తగిలితే మరక పోదు.

వంట సంగతి తెలియదు. ఇరవై రెండేళ్ళలో ఎవరూ అడగలేదు. పండితులు వచ్చి గోడ మందం కొలుచుకుని వెళ్ళారు.

విధేయుడు
కాపలాదారు

తా.క. తమరెవరో నాకు అర్థమైంది. ఎవరితోనూ అనను. మా ఆవిడతో ఒక్కదానితోనే అన్నాను.

—

ఆగస్టు 16

కాపలాదారు బాబుగారికి జాగ్రత్తమ్మ ఆశీస్సులు. మీ అమ్మగారి కుడి మోకాలికి గోరువెచ్చని ఉప్పునీళ్ళ గుడ్డ వేయించండి.

మీ జవాబు మా అమ్మాయి చేత రెండుసార్లు, అల్లుడి చేత ఒకసారి చదివించాను, తర్వాత నేనే చదువుకున్నాను. నా ఉత్తరానికి ఆఫీసు నుంచి జవాబు రావడం ఇదే మొదలు. కవరు దాచుకున్నాను. కానీ ఆ చివరి మాటే నన్ను తినేస్తోంది. నేనెవరో మీకు ఎలా తెలిసింది? మా చిన్నాన్న కొడుకు ఒకడు అటువైపే ఎక్కడో ఉన్నాడు, వాడు చెప్పాడా? నా చిన్నప్పుడు పెళ్ళివారింట్లో తలుపు గడియ సరిగ్గా పడిందో లేదోనని పరీక్ష చేయబోయి పెళ్ళికొడుకుని గదిలో పెట్టి గడియ వేసిన సంగతి వాడొక్కడికే తెలుసు. అది నిజమే, కానీ గంటలోనే తీశాం.

అదలా ఉంచండి. ఆ గూడు సంగతి. బాబూ, నేను మీ అంత తెలిసినదాన్ని కాదు. కానీ నలభై ఎనిమిదేళ్ళు పొయ్యి ముందు కూర్చున్నాను. బాణాలకీ బల్లేలకీ కప్పు నల్లబడదు. కప్పుని నల్లగా చేసేది ఒక్కటే. వేలు పెట్టి రుద్ది చూడండి. మెత్తగా, జిడ్డుగా, వేలిగీతల్లోకి దిగిపోయిందంటే అది మసి. మసి ఉందంటే పొగ ఉంది, పొగ ఉందంటే బయటికి దారి ఉండాలి, లేకపోతే శత్రువులు రాకుండానే అందరూ దగ్గి దగ్గి చచ్చేవాళ్ళు. గాలి ఎటు నుంచి కొడుతుందో చూసి దానికి ఎదురువైపు గోడ తట్టండి. బోలుగా పలికే చోట ఆగండి. నిచ్చెన మీద మాత్రం ఎక్కకండి. ఎక్కినా ఎవరైనా పట్టుకోవాలి.

ఇట్లు
జాగ్రత్తమ్మ

తా.క. ఆ ఊచల మూత మధ్య సందులెంత? మనవడి తల పట్టదు గానీ చెప్పు పడిపోతుంది. చెప్పు కోసం వాడు ఏమైనా చేస్తాడు.

—

ఆగస్టు 23

మహా గౌరవనీయులైన అమ్మగారికి,

ముందుగా గూడు. తమరు చెప్పినట్టే వేలు పెట్టి రుద్దాను. మసి. రెండు రోజులైనా వేలు తెల్లబడలేదు. పడమటి గోడ తట్టాను, భుజం ఎత్తున డొల్లగా పలికింది. పాత సున్నం పెచ్చు ఊడదీస్తే చెయ్యి పట్టేంత కంత, బయటికి దారి! కింద మట్టి తీస్తే బూడిద, మూడు రాళ్ళు, ఒక కుండపెంకు. పెంకు అంచున కుమ్మరిది కాదు, కుండని వేడిగా పట్టుకు దించినవాళ్ళది కాబోలు, మసిలో ఒక బొటనవేలి ముద్ర ఎండిపోయి ఉంది. పెంకుని అక్కడే ఉంచాను, తాకలేదు. చదువుకున్నవాళ్ళు ఎంతోమంది ఆ గూట్లో తల పెట్టారు, అందరూ తల తుడుచుకున్నారు గానీ మసి అనుకోలేదు.

ఇంత తెలిసినవారు మూడో తరగతి చదివారంటే మా కూతురు కూడా నమ్మదు. అమ్మగారూ, పోయిన ఏడాది పాత కోట కాపలాదారు దగ్గరికి ఒకాయన గొడుగులు బాగుచేసేవాడిలా వచ్చాడు. గొడుగు బాగుచేసి వెళ్ళాడు. గొడుగు ఇప్పటికీ బాగానే ఉంది, కాపలాదారే లేడు. తమరికి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అందుకని నేనే ముందు చెప్పేసుకుంటున్నాను. మా కోడి పైఅంతస్తు బాణాల కంతలో పొదిగింది. నా యూనిఫాం సుంకం గదికి కట్టిన తాడు మీద ఆరుతుంది. మూడేళ్ళ కిందట పడమటి గోడ నుంచి ఒక రాయి పడింది, పై ఆఫీసుకి రాయలేదు. దాని మీద కూర్చుని మా అమ్మ ఎండ కాచుకుంటుంది. ఇవే నా నేరాలు. దయ ఉంచండి.

తమరి కోరిక ప్రకారం సరిగ్గా సగంలో, నలభై ఏడో మెట్టు మీద, చేతుల కుర్చీ వేశాను. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వడం లేదు.

పాదధూళి
కాపలాదారు

తా.క. మూత సందులు రెండు వేళ్ళు. నా చెప్పుతో ప్రయత్నించాను. పట్టదు అనుకున్నాను. కొత్త చెప్పులు కొనుక్కున్నాను.

—

ఆగస్టు 30

బాబూ, నీకు ఒంట్లో బాగుందా?

'నువ్వు' అన్నానని ఏమీ అనుకోకు, భయంలో 'మీరు' అనే మాట రాలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను అడగని సంగతులన్నీ ఎందుకు ఒప్పుకున్నావు? జ్వరమా? మీ ఇంటావిడని అడుగుతున్నాను, అమ్మా, ఆయన నుదురు పట్టి చూడు.

పొయ్యి దొరికిందన్న ముక్క చదివి నేను లేచి నిలబడ్డాను. మా అల్లుడు ఇరవై ఏళ్ళుగా చరిత్ర చెబుతున్నాడు కదా, నా వైపు మొదటిసారి మనిషిని చూసినట్టు చూశాడు. నాకు ఆ బొటనవేలి మీదే ధ్యాస. కుండ దించేటప్పుడు చురుక్కుమని ఉంటుంది, పాపం, తడిగుడ్డ పెట్టుకున్నారో లేదో.

కానీ రాయి పడిందన్నావు. అది చదివాక మిగతాదేదీ కళ్ళకి ఆనలేదు. ఒక రాయి పడిందంటే దాని పక్కది చూస్తూ ఉందని అర్థం. నా మటుకు నాకు రావాలనే ఉంది, పంతొమ్మిదేళ్ళలో ఇంత రావాలని ఎప్పుడూ అనిపించలేదు. అందుకే ఇంకా భయం. మా అల్లుడితో కచ్చితంగా చెప్పేశాను: "ప్రయాణం రద్దు. ఆ బురుజు మూసేసినట్టే అనుకో." మనవడు రెండు రోజులుగా మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతున్నాడు, దిగులుతో.

ఇట్లు
జాగ్రత్తమ్మ

తా.క. కోడిని లేపకు. పొదిగినదాన్ని లేపితే పాపం. ఇంకో మాట, ఆ గొడుగులవాడు మళ్ళీ వస్తే మా వీధికి పంపు. మా ఇంట్లో రెండు విరిగాయి.

—

సెప్టెంబరు 9

అమ్మగారికి,

"ఆ బురుజు మూసేసినట్టే అనుకో" అని తమరు రాసిన ఉత్తరమూ, పెద్దాఫీసు ఉత్తర్వూ ఒకే సంచిలో వచ్చాయి. తమరి మాట ఎంత బలమైందో అప్పుడు తెలిసింది. ఏడాదిలో ఒక్క సందర్శకుడైనా రాని కట్టడాలని జాబితాలోంచి తీసేస్తారట. సెప్టెంబరు ముప్ఫైకి తాళం వేసి తాళంచెవి అప్పగించమన్నారు. నన్ను నగరంలో గోదాముకి పంపుతారు. బస్సు దారి మార్చాక ఇక్కడికి పదకొండు నెలలుగా ఎవరూ రాలేదు.

నేను ఒక పని చేశాను, అదీ ఒప్పుకుంటున్నాను. తమరి మూడు ఉత్తరాలనీ రిజిస్టరులో మూడు సందర్శనలుగా ఎక్కించాను. "జాగ్రత్తమ్మగారు, ఉత్తరం ద్వారా విచ్చేశారు" అని. మొన్న గుమాస్తా వచ్చి ఎర్రసిరాతో కొట్టేసి కింద రాశాడు: "కాళ్ళతో వచ్చినవారే సందర్శకులు."

నా ఉద్యోగం సంగతి అలా ఉంచండి. గోదాములో కూడా మనుషులు బతుకుతారు. మా అమ్మకి గడియారం చూడ్డం రాదు. బురుజు నీడ మా గుమ్మం దాటితే మందు వేసుకుంటుంది, బావి గట్టు తాకితే దీపం పెడుతుంది. గోదాము నీడ చూసి ఆవిడ ఏం చేస్తుంది?

తమరు ముప్ఫైలోగా ఒక్కసారి స్వయంగా దయచేసి ఒక్క సంతకం పెడితే చాలు. పడిన రాయి పక్క రాళ్ళు తాపీమేస్త్రీ చేత బిగించాను. మెట్లకి రెండు వైపులా తాడు కట్టాను. కారు ఆగడానికి చోటు చదును చేశాను. రిజిస్టరులో కొత్త పేజీ తీసి ఉంచాను, దాన్ని ఎవరూ ముట్టకుండా కాపలా కాస్తున్నాను.

కాపలాదారు

తా.క. ఎనిమిది పిల్లలు. కోడి క్షేమం.

—

సెప్టెంబరు 21

నాయనా కాపలాదారూ,

నువ్వు క్షేమం, నీ ఇంటావిడ క్షేమం, నీ కూతురు క్షేమం, మీ అమ్మగారి కుడి మోకాలు వానకి సలుపుతోంది, బురుజు క్షేమం, ఎనిమిది కోడిపిల్లలూ క్షేమం. ఇవేవీ ఈసారి నేను అడగక్కర్లేదు. నా కళ్ళతో చూశాను.

మొన్న మంగళవారం వచ్చాను.

నీ ఉత్తరం చదివాక ఐదు రోజులు ఆలోచించాను. ఆరో రోజు భయం మీద విసుగొచ్చింది. మంచిగా ఉంటే పిల్లల్ని తీసుకొద్దాం, ముందు చూసొద్దాం అని పక్కింటి కుట్టుపనావిడని తోడు తీసుకుని ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను. బస్సు మీ మలుపు దాకా రాదు, రెండు మైళ్ళు నడిచాం. సగం వంతెన చివరిదాకా వెళ్ళి కిందికి చూశాను. పడలేదు. సుంకం గది చూశాను, నీ చొక్కా ఎడమ చంక చిరిగింది. బావి చూశాను. తర్వాత తాడు పట్టుకుని ఒక్కొక్క మెట్టే లెక్కపెట్టుకుంటూ నలభై ఏడు ఎక్కి, కుర్చీ కనిపిస్తే అమ్మయ్య అని కూలబడ్డాను.

నువ్వు పైనుంచి పరిగెత్తుకొచ్చావు. "అవ్వా, లే లే! ఆ కుర్చీ నీ కోసం కాదు!"

"కాస్త ఊపిరి తీసుకుంటాను బాబూ."

"మెట్టు మీద కూర్చుని తీసుకో. పెద్దాఫీసు నుంచి ఒక ఆఫీసరమ్మ వస్తున్నారు. మారుపేరుతో ఉత్తరాలు రాస్తారు. జాగ్రత్తమ్మ అట! అలాంటి పేరు ఎవరికైనా ఉంటుందా? ఆవిడ ఏ వేషంలో వస్తారో తెలీదు, నువ్వేమో కుర్చీ మాపుతున్నావు."

అప్పుడు నాకు గొడుగులవాడి సంగతి అర్థమైంది. కుట్టుపనావిడ నోట్లో కొంగు కుక్కుకుంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. కానీ నువ్వు నలభై ఎనిమిదో మెట్టు మీద నిలబడి ఉన్నావు. ఆ మాట విని వెనక్కి పడితే? చెప్పలేదు. నా కోసం వేసిన కుర్చీలోంచి లేచి మెట్టు మీద కూర్చున్నాను.

రిజిస్టరులో సంతకం పెడతానని అడిగాను. "ఆ పేజీ ఆఫీసరమ్మ కోసం అట్టిపెట్టాను, నీ చేతికి చెమట ఉంది" అన్నావు. పదకొండు నెలలకి కాళ్ళతో వచ్చిన ఇద్దరు సందర్శకుల్ని సంతకం లేకుండా పంపేశావు నాయనా! ఇంతటి కాపలా ఏ రాజూ చేయించుకుని ఉండడు.

నేను ఆఫీసరమ్మని కాను. నన్ను అందరూ పిలిచేది నిజంగా ఆ పేరుతోనే. పెద్దాఫీసు ఎక్కడుందో కూడా నాకు తెలీదు. తెలిస్తే ఈపాటికి దానికీ ఒక ఉత్తరం రాసి ఉండేదాన్ని.

నువ్వు కోడిని తరమడానికి పైకి వెళ్ళినప్పుడు గూట్లోకి చెయ్యి పెట్టి ఆ పెంకు మీద నా బొటనవేలు ఆనించి చూశాను. నా వేలు ఆ ముద్రలో పట్టలేదు. అది నాకంటే సన్న వేలు. కోట కట్టేవాళ్ళది కాదు, కత్తి పట్టేవాళ్ళదీ కాదు. బోర్డు మీద "ఇక్కడ సైనికులు మాత్రమే నివసించారు" అని ఉంది, తీయించు. ఇంకో సంగతి, అన్నిటికంటే ఎక్కువ నీళ్ళు తోడేది సైనికుడు కాదు, వండేది. ఆ నడిమి గాటు ఆవిడదే అని నాకు తోస్తోంది. గీత మీద నిలబడి తోడిందంటే ఏ వైపు ఆకలైతే ఆ వైపు వండి పెట్టి ఉంటుంది. మా అల్లుడు పుస్తకంలో లేదన్నాడు. పుస్తకం రాసినాయన అంట్లు తోమాడా అని అడిగాను.

ఆ వంటావిడకి నాలాగే ఎన్ని దిగుళ్ళుండేవో. అయినా రోజూ అన్ని మెట్లు బిందెతో ఎక్కింది. నేను ఉట్టి చేతుల్తో ఎక్కలేనా?

కాబట్టి మళ్ళీ వస్తున్నాను, ఈసారి చెప్పి. మా అల్లుడు తన తరగతి పిల్లల్ని ముప్ఫై ఇద్దరినీ తెస్తానన్నాడు. వద్దన్నాను. తర్వాత సరేనన్నాను. తర్వాత మళ్ళీ వద్దన్నాను. ఈలోగా ఆయన బస్సు మాట్లాడేశాడు. ప్రతివాడూ తాడు పట్టుకోవాలి, ప్రతివాడూ సంతకం పెట్టాలి. పేజీలు సరిపోవు, ఇంకో రిజిస్టరు తెప్పించు. తాళంచెవి ఎవరికీ ఇవ్వకు.

ఇట్లు, కాళ్ళతో వచ్చే
జాగ్రత్తమ్మ

తా.క. మీ అమ్మగారికి మాత్రం ఆ రోజే నేనెవరో చెప్పాను. పడిన రాయి మీద పక్కపక్కన కూర్చుని గంటసేపు మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఆవిడ నీతో అనలేదంటే రహస్యం దాచగల మనిషి, గౌరవంగా చూసుకో. ఆ కుర్చీ అక్కడే ఉంచు, ఈసారి ఎవరు లేపినా లేవను. సెప్టెంబరు ఇరవై ఎనిమిది, గురువారం, పొద్దున పదింటికి.